పది అక్షరాల కొట్టుమాట

నర్సీపట్నంలో చదువుని బేరమాడి సగం ధరకి కొన్నది నేనొక్కదాన్నే. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజంగానే గొప్ప కాబట్టి చెబుతున్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ పాఠాలు చెప్పే మాస్టారు పైథాన్ కోర్సుకి ఆరు వేలన్నారు. నేను మూడు వేలన్నాను. ఆయన నవ్వారు. బేరంలో ముందు నవ్వినవాళ్లు అప్పటికే సగం మెట్లు దిగినట్టే.

"నోట్సు ప్రింటు తీసేస్తే అయిదున్నరకి చేస్తానండి."

"తీసెయ్యండి."

"సర్టిఫికెట్ కూడా వద్దంటే అయిదు."

"గోడకి మేకు కొట్టే పని తప్పింది. తీసెయ్యండి. ఇంకేటి తీస్తారు?"

ఆయన కాసేపు పైకప్పు వైపు చూశారు. "డౌట్ల గంట ఒకటుంది మేడమ్. క్లాసు అయ్యాక ఎవరికి అర్థం కానిది వాళ్లకి విడిగా కూర్చోబెట్టి చెప్తాం. అది తీసేస్తే మీరన్న మూడు వేలే."

"అర్థమయ్యేలా చెప్తే డౌట్ల గంటెందుకండీ?"

ఆయన రసీదు పుస్తకం తీశారు. అక్కడికక్కడే డబ్బు కట్టి మెట్లు దిగాను. మూత లేకుండా కుక్కర్ కొని, తక్కువకి వచ్చిందని మురిసిపోతూ వెళ్లేవాళ్లని మా కొట్లో ఎంతమందిని చూశానో. ఆ రోజు మెట్లు దిగుతున్నది కూడా అలాంటి మనిషేనని నాకు తట్టలేదు.

మాది స్టీలు సామాన్ల కొట్టు. ఎడమ పక్కన బట్టల కొట్టు చిన్నాన్నది, ఎదురుగా కిరాణా మేనత్తవాళ్లది. నేను పుట్టి పెరిగింది ఈ మూడు కొట్ల మధ్యనే. పెళ్లయినా పక్క వీధిలోనే కాపురం కాబట్టి కొట్టు వదల్లేదు. నాన్న గల్లా దగ్గర కూర్చుంటారు, నేను సామాను చూపిస్తాను. గొలుగొండ నుంచి, మాకవరపాలెం నుంచి రైతులు వస్తారు. చెరకు డబ్బు చేతికి వచ్చిన రోజుల్లో మా ఫ్యాను గాలి చాలక బయట నిలబడి బేరమాడతారు. మా దగ్గర బేరమాడకుండా కొన్న మనిషిని మేము నమ్మం. అలాంటివాడు ఎవరైనా వస్తే, నోటు ఒకటికి రెండుసార్లు వెలుతురుకి పెట్టి చూస్తాం.

బేరం ఎంతవరకు దిగొచ్చో తెలియాలంటే కొన్న రేటు తెలియాలి. వేల సామాన్ల కొన్న రేట్లు ఎవరికీ గుర్తుండవు. అందుకని ప్రతి సామానుకీ దారంతో ఒక చీటీ కడతాం. చీటీ మీద అంకెలుండవు, మూడు నాలుగు అక్షరాలుంటాయి. చూసేవాళ్లకి అవి కంపెనీ గుర్తులా కనిపిస్తాయి. అసలు సంగతేమిటంటే, మా తాతయ్య పది వేర్వేరు అక్షరాలతో ఒక మాట కట్టాడు. గుణింతాలు, ఒత్తులు లేని అక్షరాలు ఏరికోరి, రెండు మూడు చిన్న మాటలు కలిపి కట్టాడు. అందులో మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా వెళ్లి పదో అక్షరం సున్నా. ఆ మాట తెలిసినవాళ్లకి చీటీ చూడగానే కొన్న రేటు తెలుస్తుంది. తెలియనివాళ్లకి తెలియదు. మా వ్యాపారం మొత్తం ఈ రెండు రకాల మనుషుల మధ్య నడుస్తుంది.

ఈ కొట్టుమాట మా అమ్మకి కూడా తెలియదు. నాన్న నాకు చెప్పినప్పుడు చిన్నాన్న వచ్చి గొడవ పెట్టుకున్నాడు. "ఆడపిల్లకి సెప్తావేటన్నయ్యా? ఇంకో ఇంటికి ఎల్లిపోయిన పిల్ల. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు గడప దాటేస్తాది, సూడు!" నాన్న ఆయన వైపు చూడకుండా చీటీలకి దారం ఎక్కిస్తూ, "నా కూతురు నోట్లోంచి మెతుకు జారుతాదేమో గానీ మాట జారదు" అన్నారు. తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం ప్రతి చీటీ చదివినప్పుడూ ఆ వాక్యం వినిపించేది.

కంటి ఆపరేషన్ తర్వాత నాన్న చేతిరాత పాడయింది. ఒక అక్షరం ఇంకో అక్షరంలా కనిపించి, ఒకసారి పెద్ద గిన్నెల సెట్టు నేను కొన్నదానికంటే తక్కువకి ఇచ్చేశాను. చీటీలు మెషీన్ మీద ప్రింటు తీస్తే బాగుంటుందనుకున్నాం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినతన్ని అడిగాం. అతను వచ్చి, టీ తాగి, చాలా తేలికగా, "ఆ కోడ్ ఏంటో చెప్పండి సార్, సిస్టమ్‌లో పెట్టేస్తాను" అన్నాడు. నాన్న నన్ను చూశారు, నేను నాన్నని చూశాను. అతనికి ఇంకో టీ ఇచ్చి పంపించేశాం. ఊళ్లో మరో రెండు స్టీలు కొట్లకీ సాఫ్ట్‌వేర్ పెట్టింది అతనే.

అప్పుడు నేనే నేర్చుకుంటానన్నాను. నాన్న ఒప్పుకున్నారు.

"నేర్చుకో. నువ్వే రాయి, నువ్వే ప్రింటు తియ్యి. ఆ మాట మాత్రం ఈ కొట్టు దాటకూడదు. దాటిందో, ఇన్ని చీటీలూ ఎదటోడికి మనం రాసిచ్చిన రసీదులే."

అలా వెళ్లాను మేడ మీదికి. క్లాసులో అందరూ డిగ్రీ పిల్లలు. నన్ను చూసి మొదటి రోజు లేచి నిలబడ్డారు, కొత్త మేడమ్ అనుకుని.

పైథాన్ ఉచితం అని మాస్టారు చెప్పగానే నాకు అనుమానం మొదలైంది. మా వీధిలో బకెట్‌తో మగ్గు ఉచితం అని బోర్డు పెడితే, మగ్గు డబ్బులు బకెట్‌లో ఉన్నట్టు.

"మరి ఎవరు కడుతున్నారండీ దీనికి?"

"ఎవరూ కట్టరు మేడమ్. చాలా దేశాలవాళ్లు కలిసి తయారుచేసి, అందరికీ ఊరికే ఇచ్చారు."

"ఊరికే ఇచ్చి వాళ్లకేటొస్తాది?"

వెనక బెంచీలో నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. ఒక వస్తువు మీద లాభం ఎక్కడుందో తెలియకపోతే నాకు దాన్ని ముట్టుకోబుద్ధి కాదు. పైగా పేరు కొండచిలువది. మింగేది చెప్పి మింగుతోంది, అంతవరకు నయమే అనుకున్నాను.

తర్వాత ఒక్కొక్క పాఠంలో దాని బుద్ధులు బయటపడ్డాయి. రెండు ధరలు అడిగి కూడే ప్రోగ్రాం రాయమన్నారు. నేను రెండు వందల యాభై, మళ్లీ రెండు వందల యాభై ఇచ్చాను. జవాబు రెండు లక్షల యాభై వేల రెండు వందల యాభై వచ్చింది. రెండు అంకెల్నీ పక్కపక్కన అంటించేసింది. ఇలా కూడే గుమస్తా దొరికితే ఒక్క సీజన్‌లో మేడ కట్టొచ్చు, రెండో సీజన్‌లో జైలుకి వెళ్లొచ్చు. మనం టైపు చేసింది దానికి అక్షరాలేనట, ఇది అంకె అని మనమే విడిగా చెప్పాలట.

ఒకటి నుంచి పది దాకా అంకెలు చూపించమంటే తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

"పది ఏదండీ?" అన్నాను.

"పది రాస్తే పదికి ముందు ఆగుతుంది మేడమ్. అది దాని పద్ధతి."

"డజను అని సెప్పి పదకొండు సేతిలో పెట్టీసినోళ్లందరూ అదే సెప్తారండి, మా పద్ధతి అని."

ఇంకో రోజు పైసల్ని దగ్గరి రూపాయికి సరిచేసే పాఠం. పన్నెండున్నర ఇస్తే పన్నెండు చేసింది. పదమూడున్నర ఇస్తే పద్నాలుగు చేసింది. ఒకసారి కొనేవాడి వైపు, ఒకసారి అమ్మేవాడి వైపు. మనిషిని చూసి మొగ్గే కాటా అన్నమాట, దొరికింది దొంగ అనుకుని ఇంటికి వెళ్లి ఇరవై ముప్పై ధరలు పెట్టి చూశాను. సరిగ్గా సగానికి వచ్చినప్పుడల్లా సరిసంఖ్య వైపు వెళ్తోంది. అంటే సగంసార్లు వాళ్లకి, సగంసార్లు మనకి. ఎవరినీ ముంచకుండా ఉండటానికే అలా పెట్టారట. ఆ రోజు మొదటిసారి దాని మీద కొంచెం గౌరవం కలిగింది. కలిగినందుకు నా మీద నాకే అనుమానం వచ్చింది. బేరంలో ఎదుటి సరుకు నచ్చడం మొదలైతే మనం ఓడిపోతున్నట్టు.

కూరగాయల జాబితా ఒకటి రాయించి, మొదటి కూరగాయ నంబరు సున్నా అన్నారు మాస్టారు. రెండోది ఒకటి, మూడోది రెండు. నేను రాసుకున్నాను. వంకాయలకి సున్నా నుంచి లెక్కపెట్టుకుంటే పెట్టుకోనీ, మనకేంటి అనుకున్నాను. ఆ లెక్క మాటల్లోని అక్షరాలకి కూడా వర్తిస్తుందని ఆయన చెప్పే ఉంటారు. నేను ఆ సమయంలో కూరగాయల ధరల గురించి ఆలోచిస్తూ ఉండి ఉంటాను.

రెండు నెలలు గడిచేసరికి నేను సొంతంగా రాయగలననిపించింది. నా ప్రోగ్రాం చిన్నది. పై వరుసలో కొట్టుమాట. కింద కొన్న రేటు అడుగుతుంది. ఒక్కొక్క అంకె తీసుకుని, మాటలోంచి దానికి సరిపడే అక్షరం తెచ్చి, పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. నాలుగు వందల తొంభై తొమ్మిది ఇచ్చాను. వచ్చిన అక్షరాలు చదివితే అయిదు వందలు. ఒక్క రూపాయి తేడా. ఇదేదో పైసలు సరిచేసే బుద్ధి ఇక్కడ కూడా చూపిస్తోందనుకున్నాను. ఇంకోటి ఇద్దామని నాలుగు వందల యాభై రెండు ఇచ్చాను. అయిదు వందల అరవై మూడు వచ్చింది. నూట పదకొండు రూపాయలు మింగేసింది. వంద ఇస్తే రెండు వందల పదకొండు. ఎక్కడ తింటోందో, ఎందుకు తింటోందో అంతుపట్టలేదు. నాలుగు రోజులు దానితో గొడవపడ్డాను.

చివరికి క్లాసు అయ్యాక మాస్టారు దగ్గరికి వెళ్లాను.

"మాస్టారూ, చిన్న డౌటండి."

ఆయన ముఖంలో ఆ నవ్వు నేను మా నాన్న ముఖంలో తప్ప ఎక్కడా చూడలేదు. "డౌట్ల గంట మీకు లేదు కదండీ మేడమ్. కావాలంటే ఇప్పుడైనా చేర్చుకోవచ్చు. రెండు వేలు."

"ఒక్క డౌటుకి రెండు వేలా? కిలోల లెక్కన ఇవ్వరా?"

"విడిగా అమ్మమండి."

కట్టలేదు. కట్టడం ఒక నష్టమైతే, ఆయనకి ప్రోగ్రాం చూపించడం ఇంకో నష్టం. ఊళ్లో సగం కొట్ల పిల్లలు ఆయన దగ్గరే నేర్చుకుంటారు. ఎవరి ముందు ఏం నోరు జారతారో ఎవరికి తెలుసు? అందుకని ప్రమాదం లేని మనిషి ఎవరా అని క్లాసంతా కలియజూశాను. నా పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయిది ఎస్. రాయవరం. బస్సులో వచ్చి బస్సులో వెళ్లిపోతుంది. వాళ్లది వ్యవసాయం. వాళ్ల ఇంట్లో ఎవరికీ కొట్టు లేదని నేను ముందే వాకబు చేసి పెట్టుకున్నాను. ఎవరి గురించైనా ముందే వాకబు చేసి పెట్టుకోవడం మా ఇంటి అలవాటు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ప్రోగ్రాం తెరిచి ఆ అమ్మాయిని పిలిచాను. వచ్చి నా స్క్రీన్ ముందు కూర్చుంది. నేను కొట్టుమాట ఉన్న పై వరుస మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"సెయ్యి తియ్యండక్కా."

"కింద చూడు. తప్పు కిందే ఉంటుంది."

"కింద బాగానే ఉన్నాది. పైనేటుందో సూడకపోతే ఎలాగ? డాక్టరు కాడికొచ్చి, పొట్ట సూపించను గానీ కడుపునొప్పి తగ్గించీమన్నట్టుంది!"

అక్కడ కొట్టుమాట తీసేసి, ఇంకే పది అక్షరాలు పెట్టి చూపించినా ఆ తప్పు అలాగే కనబడేది. ఇంత అనుమానం ఉన్న మనిషికి అంత చిన్న ఉపాయం తట్టలేదు. చెయ్యి తీశాను.

ఆ అమ్మాయి ఒక్క నిమిషం చూసింది. పెదవులు కదిలాయి. చదివింది.

"ఓస్, ఇదేనా! ఇది సున్నా నుంచి లెక్కెడతాది కదక్కా. మీరు ఒకటడిగితే రెండో అక్షరం ఇస్తంది. సివరి అక్షరం తెచ్చీసి ముందు పెట్టీండి, సరిపోద్ది."

తనే చేసి చూపించింది. నాలుగు వందల యాభై రెండు ఇస్తే నాలుగు వందల యాభై రెండే వచ్చింది. నాలుగు రోజుల తలనొప్పి ఒక్క అక్షరం చోటు మారగానే పోయింది. ఆ సంతోషంలో నేను గబగబా ప్రోగ్రాం మూసేశాను. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తోంది.

"రేటు కోడా అక్కా ఇది?"

"కాదు. పజిల్. పేపర్లో వచ్చింది."

"ఊఁ" అంది. ఆ ఊఁ లో ఎంత బరువుందో ఇప్పుడు తూచగలను. "మరి నాకేటిస్తారు?"

ఊరికే చెప్పిందనుకున్నాను. అడిగేసరికి ఒక రకంగా హాయిగా అనిపించింది, ఇది నాకు తెలిసిన భాష. మా కొట్లో ఏ ఖాతాదారు అడిగినా మా నోటికొచ్చే జవాబు ఒకటుంది. రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. అన్న ప్రతిసారీ దాని వెనక కనీసం పావు వంతు లాభం ఉంటుంది. వినేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు, అయినా వినడానికి బాగుంటుంది. అదే అనేశాను.

"మా కొట్టుకు రామ్మా. నీకేం కావాలన్నా కొన్న రేటుకే ఇస్తాను."

మూడు వారాల తర్వాత, కొన్న ప్రింటరు ఇంకా విప్పకముందే, ఒక మంగళవారం పొద్దున్న, ఆ అమ్మాయి వాళ్లమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లమ్మ ఎస్. రాయవరంలో టిఫిన్ బండి పెడుతోందట. ఇడ్లీ పాత్ర, సాంబారు బకెట్, పళ్లేలు, డబ్బాలు, గరిటెలు కావాలి. పొద్దుటే మంచి బేరం వచ్చిందని నాన్న గల్లా దగ్గర్నుంచి లేచి తనే ఎదురొచ్చారు. నేను చెప్పబోయేలోపే ఇడ్లీ పాత్ర కిందకి దించేశారు.

"ఇదిగో తల్లీ, మందం సూడు. మీ మనవలు కూడా ఇందులోనే ఇడ్లీలేస్తారు. రెండు వేల ఆరొందలు."

వాళ్లమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒలమ్మో! ఇడ్లీలకా, బంగారానికా బాబూ?"

అమ్మాయి పాత్ర చుట్టూ ఒకసారి తిరిగింది. చీటీని వేలితో తిప్పి చూసింది. "పద్దెనిమిదొందల నలభైకి ఇచ్చీండి తాతగారూ."

నాన్న చెయ్యి పాత్ర మీద ఆగిపోయింది. అది కొన్నది పద్దెనిమిది వందల నలభైకే. బేరమాడేవాళ్లు పదిహేను వందలంటారు, రెండు వేలంటారు. నలభై ఎవరూ అనరు.

ఆయన పాత్ర పక్కన పెట్టి సాంబారు బకెట్ తీశారు. తీస్తూనే బొటనవేలు చీటీ మీద వేశారు. నేను అది చూశాను. ఆ అమ్మాయి చూడలేదు.

"పోనీ ఇది సూడమ్మా. తొమ్మిదొందలు."

అమ్మాయి చీటీ కోసం అటూ ఇటూ చూసింది. వేలు కదల్లేదు. కాసేపు నసిగి, "ఆరొందలకి ఇత్తారేటండి?" అంది. దాని కొన్న రేటుకి అది చాలా ఎక్కువ.

నాన్న దారం ముడి సరిచేస్తున్నట్టు వేలు తీశారు. అమ్మాయి కళ్లు చీటీ మీదికి వెళ్లాయి, వచ్చాయి.

"నాలుగొందల పదికి ఇచ్చీండి."

"ఇప్పుడే ఆరొందలన్నావు కదమ్మా?"

"ఇందాక సరిగ్గా సూళ్లేదండి."

"దేన్ని? బకెట్‌నా?"

అమ్మాయి నావైపు చూసింది. దాచుకోవాలన్న ఆలోచనే లేదు ఆ చూపులో. "అక్క కొన్న రేటుకే ఇస్తానన్నారండి. నేను ప్రోగ్రాం సరిసేసి పెట్టినందుకు. సీటీ సదువుకుని అదే అడుగుతున్నాను, ఒక్క రూపాయి తక్కువ అడగలేదు."

వాళ్లమ్మ కూతుర్ని మోచేత్తో పొడిచింది. "ఏటే, ఏటి కొన్న రేటు? నువ్వన్నదానికి ఆయన కాదనట్లేదంటే ఇంకా లాభమున్నట్టే! ఇంకో వంద తగ్గించి సెప్పలేకపోయావా?"

నాన్న నన్ను చూశారు. నేను తల దించుకోవడంతోనే ఆయనకి జవాబు దొరికింది. నేను మాట్లాడదామని నోరు తెరిచాను, ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అమ్మాయి ఇస్తానందా? అయితే ఇచ్చీడమే" అన్నారు. ఇడ్లీ పాత్ర దగ్గర్నుంచి గరిటెల దాకా అన్నిటి చీటీలూ ఆ అమ్మాయి చేతనే చదివించి, ఆ రేట్లకే బిల్లు వేశారు. ఒక్కటి కూడా తప్పు చదవలేదు. నాన్న రాత అలవాటైన నాకంటే వేగంగా చదివింది. ఇద్దరికీ కూల్‌డ్రింకులు తెప్పించారు. వాళ్లమ్మ ఫోన్‌లో డబ్బులు కొట్టి, ఆటోలో సామానంతా ఎక్కించుకుని, వెళ్తూ వెళ్తూ కూడా మోసపోయామన్న ముఖంతోనే వెళ్లింది.

ఆటో మలుపు తిరిగాక నాన్న అడిగారు. "నోటితో సెప్పావా, మెషీన్‌లో సూసిందా?"

"మెషీన్‌లో. నేనే చెయ్యి తీశాను నాన్నా."

ఆయన కేకలు వేస్తారని చూశాను. కేకలు వేసుంటే బాగుండేది. షట్టర్ సగానికి దించి, "సీటీలన్నీ పీకీ" అన్నారు.

మర్నాడు క్లాసుకి వెళ్లి ఆ అమ్మాయిని నిలదీశాను. ఇంకెవరికైనా చెప్పావా అని.

"ఎందుకు సెప్తానక్కా?" అంది, నేను తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "ఈ రేటు అందరికీ దొరికితే నాకేటి లాభం?"

ఇంతకంటే నమ్మదగ్గ జవాబు నేను ఎవరి నోటా వినలేదు. మా కొట్లో పెరిగి ఉంటే నాన్న చిన్నప్పుడే కొట్టుమాట చెప్పేసేవారు. అయినా నమ్మలేదు. నాన్నకి చెబితే ఆయనా నమ్మలేదు. "ఇయ్యాల సెప్పదు. రేపు వాళ్లమ్మ బండి కాడ ఎవరో అడుగుతారు, ఇంత తక్కువకి ఎలాగొచ్చిందని. ఆవిడ ఊరుకుంటాదా?" అన్నారు. చిన్నాన్న వచ్చి, కొట్టంతా దారాలూ చీటీలూ పరుచుకుని ఉండటం చూసి, ఏటిదంతా అని అడిగినప్పుడు మాత్రం నాన్న తల ఎత్తకుండా, "వానకి తడిసి సిరా సెదిరిపోయిందిరా, కొత్తవి కడుతున్నాం" అన్నారు. ఆ వారం వాన పడలేదు. చిన్నాన్న ఆకాశం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

కొత్త చీటీలన్నీ నాన్నే రాశారు. కొత్త కొట్టుమాట కట్టారు, ఏమిటో నాకు చెప్పలేదు. నేను పాత చీటీ చదివి కొన్న రేటు పైకి చెప్పాలి, ఆయన మోకాలి మీద అట్ట పెట్టుకుని, ఆపరేషన్ అయిన కన్ను చికిలించుకుంటూ కొత్త అక్షరాలు రాయాలి. రోజుల తరబడి అదే పని. కళ్లు నీళ్లు కారితే తుడుచుకుని మళ్లీ రాశారు. ఒకసారి ఉండబట్టలేక, ప్రింటు తీస్తాను నాన్నా, ఇప్పుడు ప్రోగ్రాం సరిగ్గా పని చేస్తోంది అన్నాను. ఆయన దారం రీలు నా వైపు తోశారు. నా పని ముడి వెయ్యడం.

ఇప్పుడు కొట్లో ఎవరైనా బేరమాడితే నేను సామాను పట్టుకుని గల్లా దగ్గరికి వెళ్తాను. నాన్న చీటీ చూసి, ఎంతవరకు దిగొచ్చో బల్ల కింద వేళ్లతో చూపిస్తారు. మాకు ఎప్పుడూ లేని పేరొచ్చింది, ఆ కొట్లో అమ్మాయి గట్టిది, తండ్రిని అడక్కుండా రూపాయి తగ్గించదు అని. తగ్గించడానికి నాకు తెలిస్తే కదా.

కొన్న బిల్లుల కట్టలన్నీ నా బీరువాలోనే ఉన్నాయి. చీటీలు కళ్లెదురుగా వేలాడుతున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కొత్త మాట ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది, పైథాన్ కూడా అక్కర్లేదు. ఆ సంగతి నాన్నకి తెలియదని నేననుకోను. బీరువా తాళం ఆయన అడగలేదు. నమ్మి అడగలేదో, నేనేం చేస్తానో చూద్దామని అడగలేదో తెలియదు. ఏదైనా సరే, నేను పక్కపక్కన పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదని చెబితే అబద్ధం. పెట్టలేదు, అంతవరకే నిజం.

లెక్క రాస్తున్నాను. కోర్సుకి మూడు వేలు. తర్వాత పోయి కట్టిన డౌట్ల గంట రెండు వేలు, దాని మీద ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. టిఫిన్ బండి సామాను మీద రావలసిన లాభం పన్నెండు వందల పైమాటే, అది రాలేదు. అట్టలు, దారం, సిరా. నాన్న కంటి మందులు రెండు సీసాలు ఎక్కువయ్యాయి. కొని వాడని ప్రింటరు ఒకటి అటక మీద ఉంది, అది కూడా ఇందులోదే. వచ్చిన వైపు రాయదగ్గది ఒక్కటి, పైథాన్ వచ్చింది. వచ్చిందంటే నిజంగానే వచ్చింది, కొట్టు సరుకు లెక్క మొత్తం ఇప్పుడు అందులోనే రాస్తున్నాను, ఎక్కడా తప్పడం లేదు. దాని విలువ ఎంత వేసుకున్నా పైన రాసిన డబ్బు తీరిపోతుందేమో. నాన్న నాకు చెప్పని ఆ పది అక్షరాలు తీరవు. మొత్తం మీద నష్టం. తగ్గించమని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు.